మెడమీది నలుపు మురికి కాదు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీళ్లు, మురుగుకాలువలను గూర్చి చర్చించుటకు వచ్చిన మీ యెదుట మేము మెడమీది నలుపును గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. మేము చూచిన సంగతి విన్నపిమ్మట మీరే నిర్ణయింపుడు.

ఒక గ్రామమునకు వైద్యపరీక్షలకై పోయినప్పుడు తొమ్మిదవ తరగతి బాలికను తల్లి వెంటబెట్టుకొని వచ్చినది. పిల్ల మెడచుట్టును నల్లని పట్టీ కట్టినట్లున్నది. తల్లి పీచుతో తోమినది, సున్నిపిండితో నలిచినది, ఎవరో చెప్పగా నిమ్మచెక్కపై వంటసోడా అద్ది రుద్దినది. చర్మము పుండుపడినదేగాని నలుపు పోలేదు. ‘స్నానము చేయవా?’ యని తోటిపిల్లలు గేలిచేయుటచే ఆ బాలిక పదిదినములుగా బడి మానుకొన్నది. మేము రక్తపరీక్ష చేయించితిమి. పరగడుపున చక్కెర 118 మిల్లీగ్రాములున్నది. అది 100కు లోపల నుండవలెను. 126 చేరి, మరల పరీక్షించినను అట్లే యున్నచో మధుమేహ మందురు. ఆ పిల్ల దాని వాకిటిలో నిలిచియున్నది.

ఇందలి మర్మమేమి? తిన్న ఆహారమునుండి వచ్చిన చక్కెర కండరములలోనికి చేరుటకు క్లోమము ఇన్సులిన్ అను హార్మోనును స్రవించును. బరువు పెరిగి, ఒడలికి శ్రమ తగ్గినచో శరీరము దాని మాట సరిగా వినదు. అప్పుడు క్లోమము మరింత ఇన్సులిన్‌ను వదలును. ఆ హెచ్చు ఇన్సులిన్ చర్మకణములను పెరుగుమని తొందరపెట్టును. అందుచే మెడ, చంకలు, గజ్జల మడతలలో చర్మము దళసరియై, ముఖమల్ గుడ్డవలె నల్లబడును. చిన్న పులిపిరులును లేవవచ్చును. వైద్యులు దీనిని అకాంథోసిస్ నైగ్రికన్స్ అందురు. నెలసరి తప్పుచు, అండాశయములలో నీటితిత్తులున్న యువతులలో ఇది తరచుగా కానవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. రాపిడి తగిలినకొలది హెచ్చును.

చర్మమునకు చేయవలసినది స్వల్పమే. ఘాటులేని సబ్బును వ్రేళ్లతోనే రాసి కడిగి, మెత్తని గుడ్డతో అద్దవలెను. రాత్రివేళ యూరియా గాని లాక్టిక్ ఆమ్లము గాని కలిసిన లేపనమును పలుచగా రాయవలెను. ఎండలోనికి పోవునప్పుడు మెడపై తువ్వాలు గాని పమిటచెంగు గాని కప్పుకొనవలెను. కొబ్బరినూనె చర్మమును మెత్తపరచును; నలుపును తీసివేయజాలదు. రెటినాయిడ్ అను లేపనము మేలుచేయునుగాని వైద్యుడు చెప్పినప్పుడే వాడవలెను; గర్భిణులు వాడనేరాదు.

సంతలోను, మందులషాపులోను దొరకు ‘తెల్లబరచు’ లేపనముల విషయము వేరు. వానిలో కొన్నింట స్టెరాయిడ్ మందు, కొన్నింట పాదరసముకూడ కలిసియుండును. మొదటిది చర్మమును పలుచన చేయును, రెండవది మూత్రపిండములను చెరచును. 2018లో కేంద్రప్రభుత్వము అనేక స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. మీ గ్రామములో ఆ కట్టడి యెంతవరకు నడచుచున్నదో మాకంటె మీకే బాగుగా తెలియును.

లేపనములెన్ని రాసినను లోపలి ఇన్సులిన్ తగ్గనిదే నలుపు తిరిగి వచ్చును. తీపి పానీయములు, బేకరీ తిండి మాని, అన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు హెచ్చించి, దినమునకు అరగంటయైనను వడిగా నడచినచో కొన్ని మాసములకు చర్మము తేరుకొనును. అయితే బక్కపలుచని పెద్దవారికి ఈ నలుపు అకస్మాత్తుగా వచ్చి, ఒళ్లు చిక్కిపోవుచున్నచో జాగు చేయక పెద్దాసుపత్రికి పంపవలెను. కడుపులోని పుట్టకురుపునకు అది గుర్తు కావచ్చును.

ఇక మీ పని. 30 ఏండ్లు నిండినవారికి ఉపకేంద్రములలో మధుమేహ పరీక్షలు జరుగుచున్నవి. బడిపిల్లలు ఆ వయోపరిమితిలోనికి రారు. మెడ నల్లబడిన పిల్లలను గుర్తించి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపుమని ఆశా కార్యకర్తకును, ప్రధానోపాధ్యాయునికిని మీ ఆరోగ్య కమిటీ ద్వారా చెప్పుడు. పిల్లను పదిమందిలో నిలబెట్టి మెడ చూపింపవలదు. మేము చెప్పిన బాలిక, ఉపాధ్యాయురాలు తరగతివారికి ఈ సంగతి వివరించిన మరునాడే బడికి పోయినది. నలుపు సగము తగ్గుటకు మాత్రము ఎనిమిది మాసములు పట్టినది.