బడి విడిచాక బ్యాటరీ, బల్బు: మా గ్రామ సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, రికవరీ, బ్యాంకు లింకేజీ లెక్కలు నివేదికలో ఎట్లాగూ ఉన్నాయి. మేము ఆ లెక్కల్లో కనపడని ఒక పని గురించి చెప్తాం. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు వారానికి రెండు రోజులు, బడి విడిచాక గంట సేపు ఎలక్ట్రానిక్స్ క్లబ్బు నడుపుతున్నాం.

2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ సంఘం అధ్యక్షురాలే వాటికి చైర్‌పర్సన్. తాగునీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు పనులు, చిన్న మరమ్మతులు మన చేతికి వచ్చాయి. బడిలో ఫ్యాన్లు బిగిస్తుంటే పిల్లలు చుట్టూ మూగి, "అక్కా, ఈ వైరు ఎక్కడికి పోతది? రెండు వైర్లు ఎందుకు?" అని అడిగేవాళ్లు. కూలికి పోయిన తల్లులు ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతది. అప్పటిదాకా పిల్లలు ఫోను ముందరో, బోరు మోటారు కాడనో ఉంటరు. ఆ గంటను మేమే తీసుకుందామని సంఘం మీటింగులో తీర్మానం రాసుకున్నాం.

"చిన్న పిల్లలకు కరెంటుతో ఆటలా?" అని కొందరు తల్లులు గట్టిగానే అడిగిండ్రు. అడగడం న్యాయమే. అందుకని ముందు నియమాలు పెట్టుకున్నాం. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. మా క్లబ్బులో వాడేది రెండు పెన్సిల్ సెల్స్, అంటే 3 వోల్టులు. గోడ ప్లగ్గు ముట్టేది లేదు. సోల్డరింగ్ లేదు, క్లిప్పుల వైర్లే. గడియారాల్లో వేసే గుండీ సెల్స్ అసలే తేము, చిన్న పిల్లలు మింగితే లోపల కాలి ప్రాణం మీదికి వస్తది.

బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే అన్న దగ్గర ముందు మేము నలుగురం నేర్చుకున్నాం. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. తిరగేసి పెడితే వెలగదు. దానికి ముందు 100 ఓముల రెసిస్టర్ పెడతాం, దాని మీద గోధుమ, నలుపు, గోధుమ గీతలుంటాయి. కాలువలో అడ్డం పెట్టిన రాయి నీళ్లను తగ్గించినట్టు అది కరెంటును తగ్గిస్తది. పదో తరగతిలో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఓమ్ నియమం మాకు ఇప్పుడు చేతికి వచ్చింది.

తర్వాత వలయం మధ్యలో కొంచెం ఖాళీ వదిలి, అక్కడ ఒక్కో వస్తువు పెట్టి చూడమన్నాం. స్టీలు చెంచాకు వెలిగింది. పెన్సిల్ ముల్లుకు సన్నగా వెలిగింది. గాజు గాజుకు, ప్లాస్టిక్ దువ్వెనకు వెలగలేదు. ఒక పాప రెండు వేళ్లు పెట్టి, వెలగకపోయేసరికి, "మనలో కరెంటు పోదు" అన్నది. హెడ్మాస్టరు సారు అందరినీ ఆపి చెప్పిండు: "3 వోల్టులకు బల్బు వెలిగేంత పోదు. 230 వోల్టులకు ప్రాణం తీసేంత పోతది. చేతులు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ." ఈ మాట చెప్పకుండా ఎవరూ ఈ ఆట ఆడించొద్దు.

ఆ వారంలోనే ఒక పిల్లగాడు దండెం తీగ ముక్క తెచ్చి పెట్టిండు. బల్బు మంచిగా వెలిగింది. "మా ఇంట్ల ఇదే తీగ కరెంటు మీటరు పక్కన కట్టిండ్రు" అన్నడు. అక్కలారా, తడి బట్టలు ఆరేస్తూ షాకు కొట్టి ఆడోళ్లు చనిపోయిన వార్తలు మనం వింటూనే ఉంటాం. మా సంఘాల సభ్యులం ఇల్లిల్లూ తిరిగి చూశాం. సర్వీసు వైరు దగ్గర, రేకుల ఇంటికి ఆనుకుని కట్టిన ఇనుప దండేలు విప్పించి, దూరంగా నైలాను తాళ్లు కట్టించాం. పొట్టు లేచిన సర్వీసు వైర్లను లైన్‌మెన్‌కు చూపించాం. ఈ పని మాకు చెప్పింది నాలుగో తరగతి పిల్లగాడు.

ఖర్చు సంగతి. ఇద్దరు పిల్లలకు ఒక సెట్టు, సుమారు వంద రూపాయలు. పొదుపు డబ్బు ముట్టలేదు, సభ్యులం తలా కొంత వేసుకున్నాం. బిల్లులు వేరే పుస్తకంలో రాస్తున్నాం. ప్రతి జతలో ఒక రోజు ఒకరు వైర్లు పెడితే, రెండో రోజు ఇంకొకరు పెట్టాలి. లేకపోతే మగపిల్లలు బిగిస్తరు, ఆడపిల్లలు పట్టుకుని నిలబడతరు. ఈ నియమం మాత్రం ఎవరు చెప్పినా తీసేయం.

వేరే సంఘాలు మొదలుపెడితే మా సెట్లు నెల రోజులు అప్పు ఇస్తాం, వడ్డీ లేదు. మా నలుగురిలో ఇద్దరం వచ్చి నేర్పుతాం. ముందు మీ హెడ్మాస్టరుతో మాట్లాడండి, తల్లుల సంతకాలు తీసుకోండి. క్లబ్బు పెట్టినా పెట్టకపోయినా, ఈ రోజు ఇంటికి పోయినంక మీ దండెం దేనితో కట్టి ఉందో, ఏ వైరు పక్కన ఉందో ఒక్కసారి చూడండి.