మన గట్ల మీద సైకిలు ప్రయాణం: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల బంధువులకు వార్డులో ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



మీ మనిషి మంచం మీద ఉండగా ఈ సిస్టరు సైకిళ్ల గురించి మాట్లాడుతుందేమిటని మీకు అనిపించవచ్చు. కాని డిశ్చార్జి రోజున మీరు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "సిస్టర్ గారూ, మా నాన్నగారు మళ్లీ సైకిలు తొక్కవచ్చా?" అడగకుండానే సైకిలుకు తాళం వేసి తాళంచెవి దాచేసేవారు కూడా ఉన్నారు. మరోవైపు, గేర్లూ లావు టైర్లూ ఉన్న కొత్త సైకిళ్లు కొనుక్కుని, ఒక్క నీళ్ల సీసాతో హంసలదీవి వరకు వెళ్లి వస్తామని బయలుదేరే పిల్లలు కూడా మన ఇళ్లలోనే ఉన్నారు. ఈ రెండు రకాల ఇళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. సైకిలు మాన్పించకండి. అలాగని ఏ ఏర్పాటూ లేకుండా పంపించకండి.

ఆ లావు టైర్ల వాటిని మౌంటెన్ బైకులు అంటారు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొండదారుల కోసం మొదలైన సైకిళ్లు అవి. మన దివిసీమలో కొండ మాట అటుంచి గుట్ట కూడా లేదు కదా! కాని కరకట్టలు, కాలవ గట్లు, ఇసుక బాటలు ఉన్నాయి. వాటి మీద ఆ టైర్లు బాగా పనికివస్తాయి. లేనివారు కొననక్కరలేదు. పాలక్యాన్లు మోసిన పాత సైకిలైనా చాలు, బ్రేకులు పనిచేస్తే.

మన నేల ఎలాంటిది?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతమంతా ఒక పెద్ద దీవి. ఎటు చూసినా చదును నేల. గుండెజబ్బు తగ్గి కోలుకుంటున్న వారికి ఇది మేలు. ఎత్తు ఎక్కే శ్రమ ఉండదు, అలసట అనిపించినచోట ఆగి కాలు కింద పెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట మొదలు. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంతో తొక్కితే అది ఓ మోస్తరు వ్యాయామం. మాట కూడా రాకపోతే వేగం ఎక్కువైందని గుర్తు.

గాలే మన కొండ

పగలు ఎండ ఎక్కే కొద్దీ సముద్రం నుండి నేల మీదికి గాలి లేస్తుంది. తెల్లవారుజామున గాలి తక్కువ. కాబట్టి పొద్దున్నే సముద్రం వైపు వెళ్లి, గాలి వీపున తోస్తుండగా తిరిగి వచ్చేవారికి శ్రమ తక్కువ. మధ్యాహ్నం బయలుదేరితే ఎదురుగాలికి గుండె మీద భారం పెరుగుతుంది. చలికాలంలో ఈశాన్య గాలి ఉన్న రోజున ఇది తారుమారవుతుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉండి, వచ్చేటప్పుడు ఎదురుకొడుతుంది. సగం ఓపిక తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి.

ఇంకొక సంగతి గమనించండి. గాలి వెనుక నుండి వచ్చేటప్పుడు ఒంటికి గాలి తగలదు, చెమట ఆరదు. తేలికగా తొక్కుతున్నామని అనుకుంటుండగానే ఒళ్లు వేడెక్కుతుంది. అందుచేత ఉదయం తొమ్మిది దాటకుండా ఇల్లు చేరేలా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ముందే.

ఎటు వెళ్లాలి?

మొదటి నెల మీ ఊరి కాలవ గట్టు చాలు. గుడివాడ వారైనా సరే, ఊరి చుట్టూ ఉన్న చేల దారుల్లో మొదలుపెట్టవచ్చు. తరువాత బందరు వారు మంగినపూడి తీరానికి వెళ్లవచ్చు, సుమారు పదకొండు కిలోమీటర్లు. వెళ్లి రావడానికి ఇరవై రెండు అవుతుందని మరచిపోకండి. బాగా అలవాటు పడ్డ ఆరోగ్యవంతులు అవనిగడ్డ నుండి కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప వైపు వెళ్తారు. దారిలో మడ అడవులు, పక్షులు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడదగినవే. అటవీశాఖ వారి హద్దులు పాటించాలి. జనవరి నుండి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో చక్రాలు పోనివ్వకూడదు. అలసిన ఒంటితో సముద్రంలో దిగవద్దు.

ఏటిమొగ దగ్గర ఏరు దాటి వెళ్లే ఎదురుమొండి నిజంగా అందమైన లంక. కాని ఆపద వస్తే ఆసుపత్రికి చేరడానికి సమయం పడుతుంది. షుగరు, గుండెజబ్బు ఉన్నవారు ఒంటరిగా అటు పోకూడదు. 216 నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య సరదా ప్రయాణం ఎవరికీ వద్దు.

వాన పడ్డ మర్నాడు నల్లమట్టి చక్రానికి ముద్దలా అంటుకుని సైకిలు కదలదు. గట్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు టైర్లలో దిగుతాయి. గాలిపంపు, పంక్చరు సామాను దగ్గర ఉంచుకోవాలి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా వాతావరణ హెచ్చరిక వినకుండా సముద్రం వైపు వెళ్లకండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు, వారిని అడగండి.

జబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్తలు

1. షుగరు: ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు బిళ్లలు గాని వాడేవారు పరగడుపున తొక్కకూడదు. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక మాటలు కనబడితే సైకిలు ఆపి మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఇంటికి వచ్చాక అరికాళ్లు చూడండి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

2. గుండె: ఛాతీలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం వస్తే గ్యాసు అనుకుని కాలయాపన చేయకండి. అక్కడే కూర్చోబెట్టి 108ని పిలవండి.

3. నీరు: ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు మంచినీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచు వరకే. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడేవారు, కిడ్నీ జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరుగారిని అడగాలి.

4. వడదెబ్బ: ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కూడా తడుపుతూనే ఉండండి.

5. పాముకాటు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన చేల గట్ల మీద ఉంటాయి. చీకట్లో వెళ్లకండి, గడ్డిలో కాలు పెట్టకండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలు కదలకుండా మోసుకుని విషానికి మందు ఉన్న ఆసుపత్రికి తీసుకురండి.

తాళంచెవి సంగతి

గుండెజబ్బుతో చేరి కోలుకున్న ఒక రైతు పెద్దాయన కొడుకులు భయంతో ఆయన సైకిలును అటక ఎక్కించారు. రెండు నెలల్లో ఆయన వసారా దాటడం మానేశారు. కాళ్లలో బలం పోయింది, మాట తగ్గింది. చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన భార్య ఆ సంగతి చెప్పింది. డాక్టరుగారు పరీక్షలు చేసి, మొదట నడకతో మొదలుపెట్టించి, ఆ తరువాత పది నిమిషాల సైకిలుకు అనుమతి ఇచ్చారు. పక్కన మనవడు తొక్కుతూ వెళ్లాలన్నది షరతు. ఆయన ఇప్పుడు పొద్దున్నే పొలం గట్టు దాకా వెళ్లి వస్తున్నారు. మనిషి మీద ప్రేమతోనే మనం అడ్డుపడతాం. కాని మంచానికే కట్టిపడేస్తే ఆ ప్రేమే జబ్బుకు తోడవుతుంది.

కాబట్టి డిశ్చార్జికి ముందు డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలు తప్పక అడగండి. ఎప్పటి నుండి తొక్కవచ్చు? ఎంతసేపు? ఏ లక్షణం కనబడితే ఆపాలి? జవాబులు కాగితం మీద రాయించుకుని, జేబులో పంచదార పొట్లం, నీళ్లు, ఫోనుతో పాటు ఉంచండి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరమనండి. వీలైతే మీరు కూడా పక్కన ఇంకొక సైకిలు ఎక్కండి. రోగికి కాపలా కాసి కాసి అలసిన మీ ఒంటికి కూడా ఆ అరగంట అవసరమే.