సమాధుల పండుగయు, సావిన్ రాత్రియు



నవంబరు 2న క్రొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లుట అన్యాచారము కాదా యని మన యౌవనులు కొందరు మమ్మును అడుగుచున్నారు. అమెరికాలోని బంధువులు అక్టోబరు 31 రాత్రి జరుపు హాలోవీన్‌ను గూర్చి వినియున్నారు గనుక ప్రశ్న న్యాయమైనదే.

ఐర్లండులోని కెల్టు జాతివారికి అది సావిన్ పండుగ. వేసవి ముగిసి, పశువులను మేతబీళ్ల నుండి ఇండ్లకు తోలుకొని వచ్చు కాలము. ఆ రాత్రి అదృశ్యలోకపు ద్వారములు తెరచుకొనునని వారి పాత కథలు చెప్పును. విచిత్రమేమనగా, ఆ కథలను వ్రాసి భద్రపరచినవారు క్రైస్తవ సన్యాసులే!

అయితే సావిన్‌ను కప్పివేయుటకే సంఘము నవంబరు 1ని సకల పరిశుద్ధుల దినముగా ఎన్నుకొనెనను మాటను మేము ఒప్పుకొనజాలము. ఐర్లండు సంఘమే 9వ శతాబ్దారంభమున ఆ పండుగను ఏప్రిల్ 20న ఆచరించెను. నవంబరు తేదీ ఇంగ్లండు, జర్మనీ ప్రాంతములలో ముందుగా కనబడుచున్నది. గుమ్మడికాయ దీపము మరీ క్రొత్తది. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచెడివారు, అమెరికాకు వలసపోయిన పిమ్మట గుమ్మడి దొరికెను.

మన సమాధుల పండుగ తేదీ సుమారు 1,000 సంవత్సరముల క్రిందట ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓదిలో నియమించినది. కాబట్టి క్రొవ్వొత్తిని గూర్చి మాకు భయము లేదు. మృతుడు తినునని సమాధిపై పలహారము పెట్టుటను గూర్చి మాత్రము పెద్దలే ఆలోచింపవలెను.

ఈ శతాబ్ది సంవత్సరమున మన తొలి విశ్వాసుల సమాధులకు సున్నము వేయవలసియున్నది. ప్రశ్న అడిగిన యౌవనులు కూడ మాతో రావలెనని కోరుచున్నాము.