ఆపరేషన్ తర్వాత ఏ మాత్ర కొనాలి?

(ఆదివారం గ్రూప్ కాల్‌లో చెప్పిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ల కోసం పెడుతున్నాం.)

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన గ్రూపులోనూ ఉన్నారు, బయటికి చెప్పుకోరు అంతే. నేను చెప్పేస్తున్నా. నాకు స్లీవ్ అయి మూడేళ్లు. బరువు బాగానే తగ్గింది. రెండో ఏట అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ కదా, నిలబడి నిలబడి అనుకున్నా. రక్తపరీక్ష చేస్తే బి12 అడుగంటింది. అప్పటిదాకా నేను వేసుకున్నవి గమ్మీలు, అవీ గుర్తొచ్చినప్పుడే. ఇంజెక్షన్లతో తేరుకున్నా, ఎడమ కాలి వేళ్లలో తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది.

స్లీవ్‌లో పొట్ట చాలావరకు తీసేస్తారు. తిండిలోని బి12 ఒంటికి పట్టాలంటే కావాల్సిన రసాలు తగ్గిపోతాయి. బైపాస్‌లో అయితే ఐరన్, కాల్షియం పీల్చుకునే పేగు భాగాన్నే దాటించేస్తారు. కాబట్టి ఈ మాత్రలు ఆర్నెల్లకో ఏడాదికో ఆపేవి కావు, జీవితాంతం. శాకాహారులు, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. వాళ్లకి బి12 ముందే తక్కువుంటుంది.

ఇక కొనేటప్పుడు. సీసా ముందు బొమ్మ చూడకండి, తిప్పి వెనక చూడండి. సర్వింగ్ సైజ్ రెండు మాత్రలని రాసి ఉంటే, ఒకటి వేసుకుంటే సగమే అందినట్టు. గమ్మీల్లో చాలావాటికి ఐరన్ ఉండదు. ఇక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సంఘం చెప్పే లెక్కలివి: బి12 నోటితో అయితే రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, ఐరన్ నెలసరి వచ్చే ఆడవాళ్లకి, బైపాస్ లేదా స్లీవ్ అయినవాళ్లకి 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. మీ రిపోర్టు చూసి మీ డాక్టరు మార్చొచ్చు.

కాల్షియంలో కార్బొనేట్ చవక, కానీ దానికి పొట్టలో యాసిడ్ కావాలి. మనకు సిట్రేట్ నయం. అదీ ఒకేసారి కాదు, 500, 600 చొప్పున విడగొట్టి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు గ్యాప్. ఐరన్‌ని చాయ్‌తో మింగకండి, పట్టదు! నైట్ డ్యూటీవాళ్లు "మార్నింగ్" అంటే గడియారం చూడక్కర్లేదు, మీరు లేచే టైమే మీకు మార్నింగ్.

1994 చట్టం ప్రకారం ఇక్కడ సప్లిమెంట్లను అమ్మకముందు ఎఫ్‌డీఏ ఆమోదించదు. అందుకే యూఎస్‌పీ ముద్ర ఉంటే మేలు. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతుంటే, రక్తపరీక్షకి ముందే ఆ మాట చెప్పండి. కొన్ని ఫలితాలను అది తారుమారు చేస్తుంది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. వాంతులు రోజుల తరబడి ఆగకపోయినా, చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, థయమిన్ చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. అది తగ్గిందని అనుమానముంటే గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్ ఎక్కించాలి. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకి ఆపరేషన్ అయ్యుంటే, ఈ రెండు ముక్కలు ఇంగ్లీషులో చీటీ రాసి పర్సులో పెట్టండి.

ఇన్సూరెన్స్ లేనివాళ్లు కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లండి, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. ఎఫ్‌ఎస్‌ఏ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గర అవసరమని లెటర్ తీసుకుంటే ఈ మాత్రల ఖర్చు అందులో పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది 3, 6, 12 నెలలకి, తర్వాత ఏటా రక్తపరీక్ష. వెళ్లేటప్పుడు సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.