బర్మారు తుపాకి గురి: పంటను కాచుకొను రైతులకు ప్రసంగము

సిద్దిపేట ప్రాంతమున మక్కకంకి పాలుపట్టు దినములు వచ్చినచో రైతునకు నిద్ర దూరమగును. చీకటిపడిన పిమ్మట గుట్టలలోనుండి అడవిపందుల మంద దిగివచ్చి, తినునది కొంచెమై త్రొక్కునది మెండై, ఒక్కరాత్రిలో ఎకరములకొలది చేనిని నేలమట్టము చేయుచున్నది. మంచెయు, వడిసెలయు, రేకుడబ్బా మ్రోతయు పక్షులకు చాలును గాని పందికి చాలవు. కావున కొందఱు రైతులు అనుమతిపత్రము పొంది బర్మారు తుపాకిని ఉంచుకొందురు. గొట్టపు మూతినుండి మందును గుండును నింపి కాల్చునది కనుక దానికి ఆ పేరు. 1946 మొదలు 1951 వఱకు జరిగిన తెలంగాణా రైతుపోరాటమున వడిసెలతోపాటు ఈ బర్మారే పల్లెవాని ఆయుధమయ్యెను.

ఈ తుపాకిని కొనువాడు గొట్టమును తట్టి చూచును, కుందా కట్టెను రుద్ది చూచును, వెల బేరమాడును. గురిని మాత్రము చూడడు. గుండు ఎచ్చటికి పోవునో నిర్ణయించునది గురియే. తప్పిన గుండు వ్యర్థమగుటతో తీరదు. అది ప్రక్కచేనిలో మంచెపైనున్న మనుష్యుని తాకవచ్చును. లేదా పందిని గాయపఱచి విడువవచ్చును. గాయపడిన పంది తెల్లవాఱి కలుపుతీయ వచ్చిన కూలివారిపై పడును.

గురి యనగా రెండు భాగములు. గొట్టపు కొనయందు బొడిపె యొకటి, వెనుక రైతు కంటివైపు గాడి గల రేకు ఒకటి. దక్కనులో పూర్వము వత్తితో కాల్చు తోడెదారు తుపాకులకు సైతము ఈ రెండును ఉండెడివి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధశాలకు పోయినవారు పనితనపు బంగారుపూతను చూచి మరలివత్తురు. ఈమాఱు పోయినచో గొట్టపు రెండు కొనలను గూడ చూడదగును. పనివాడు అలంకారమునకు ఎంత శ్రమించెనో గురికిని అంత శ్రమించిన తుపాకులు అందు కనబడును.

నేడు పల్లెలలో కనబడు బర్మారులలో పెక్కింటికి కొనయందలి బొడిపె మాత్రమే కలదు, వెనుక గాడి లేదు. రవ్వలు కాల్చువానికి ఇది సరిపోవచ్చును, రవ్వలు విరియును గనుక. ఒంటి గుండు కాల్చువానికి ఇది చాలదు. వెనుక గాడి లేనప్పుడు కాల్చువాని కన్నే వెనుక గురి యగును. దవడ కుందాపై ఒకనాడు గట్టిగాను, ఒకనాడు తేలికగాను ఆనును. కన్ను ఎత్తైనపుడు గుండు ఎత్తునకును, దిగినపుడు క్రిందికిని పోవును. తుపాకిలో దోషము లేకయే ప్రతి గుండు ఒక్కొక్క త్రోవ పట్టును.

దీని లెక్క సులభము. గాడినుండి బొడిపె వఱకు 30 అంగుళములు ఉన్నదనుకొందము. 50 గజములనగా 1800 అంగుళములు, అనగా 60 రెట్లు. గాడిలో బొడిపె అంగుళములో ఇరువదవ వంతు ప్రక్కకు జరిగినచో 50 గజముల దవ్వున గుండు 3 అంగుళములు ప్రక్కకు పోవును. బియ్యపుగింజ మందమునకు తక్కువైన తప్పు అచ్చట మూడంగుళములైనది. గొట్టము పొడవైనకొలది ఈ రెట్లు తగ్గును. నిడుపు తుపాకి గురికి మేలని పెద్దలు చెప్పుటకు కారణములలో ఇదియొకటి.

గాడి ఆకారము నెంచునపుడు కాలమును చూడవలెను. కోసుగా దిగు గాడి పగటియందు చక్కగా కనబడును. మునిమాపు వేళ దాని అడుగు మసకబాఱి, బొడిపె ఎంతలోతు దిగినదో తెలియదు. పంటకాపునకు వెడల్పై, అడుగు గుండ్రముగానో చదరముగానో ఉన్న గాడి మేలు. బొడిపెను గాడిలో నిలిపి చూచినపుడు ఇరుప్రక్కల సన్నని వెలుగుగీత కనబడవలయును. ఆ రెండు గీతలు సమానమైనచో బొడిపె నడుమ నున్నది. బొడిపె కొన గాడి పై అంచుతో సమముగా నుండవలయును. గీతలు లేనంత బిగువుగా బొడిపె గాడిని నింపినచో మసకవెలుగున ఆ గురి పనికిరాదు. బొడిపె మిక్కిలి సన్ననిదైనను కష్టమే. గవ్వను కొట్టు పందెమునకు సన్నని బొడిపె కావలెను, చేనిలో పందికి కాదు.

ఇత్తడి లేక వెండి బొడిపె మునిమాపున మెఱసి కంటికి తోచును. పగలు మాత్రము అది మోసకారి. ఎండ ఎడమప్రక్కనుండి పడినచో బొడిపె ఎడమవైపు మాత్రము వెలుగును. కన్ను ఆ వెలుగునే బొడిపె యనుకొని దానిని నడుమకు తెచ్చును. అందుచే గొట్టము కుడికి తిరిగి, గుండు ఎండకు ఎదురు ప్రక్కకు తొలగును. తుపాకి ఖాళీగా నున్నపుడు దీపపు మసిని బొడిపెకు పట్టించినచో ఈ మోసము పోవును. మాపటివేళ దానిని తుడిచివేయుట క్షణము పని. ఇనుపబొడిపె గలవారు వెనుకవైపున సున్నపుచుక్క పెట్టుకొనవచ్చును.

ఏబది యేండ్లు దాటిన రైతుల బాధ వేఱు. వెనుక గాడి వారికి రెండుగా, మసకగా కనబడును. కన్ను ఒక్కసారి ఒక్క దూరమునందే నిలువగలదు. గాడి, బొడిపె, జంతువు మూడును ఒక్కమాఱు స్పష్టముగా చూడగలవాడు పడుచువారిలోను లేడు. కావున ఎవరైనను చూపును బొడిపెపై నిలుపవలెను; గాడియు జంతువును కొంత మసకబాఱిన హానిలేదు. పెద్దవయసువారు గాడిరేకును గొట్టముపై మఱికొంత ముందునకు జరిపించుకొన్నచో అది తేటపడును. ఇంకొక మార్గము రంధ్రపు గురి. తాటాకునకు తుమ్మముల్లుతో చిన్న రంధ్రము పొడిచి దానిగుండ పుస్తకమును చూచినచో అద్దములు లేకయే అక్షరములు స్పష్టమగుట ఎవరైనను పరీక్షింపవచ్చును. ఆ గుణమే ఇచ్చటను పనిచేయును. ఐతే చిన్న రంధ్రము వెలుగును హరించును గనుక మసకవేళకు పెద్ద రంధ్రమే తగినది. అట్టి రేకు కంటికి దగ్గఱగా నుండును. తుపాకి వెనుకకు తన్నినపుడు నుదురు పగులకుండ తగినంత దూరము విడిచి బిగింపింపవలెను.

చాళ్లు గల గొట్టము వేఱు, నున్నని గొట్టము వేఱు. చాళ్లు గుండును త్రిప్పి సూటిగా పంపును. గుండునకు పలుచని గుడ్డను చుట్టి దిగగొట్టినచో అది చాళ్లను పట్టుకొనును. అట్టి తుపాకికి మంచి గురి పెట్టించుట సార్థకము. నున్నని గొట్టమునందు ఎంత మంచి గురి పెట్టినను 40, 50 గజములు దాటిన పిమ్మట గుండును నమ్మరాదు. నూఱు గజములకు గుర్తులు గల మడత రేకులను నున్నని బర్మారునకు బిగించి అమ్ముట కొనువానిని మురిపించుటకే.

గురిని సరిచూచునపుడు తుపాకిని ఇసుకసంచిపై ఆనించి, ప్రతిమాఱు ఒక్క కొలత మందు, ఒక్క తూకపు గుండు వేసి మూడు గుండ్లు కాల్చవలెను. ఒక్క గుండును చూచి ఆకురాయి పట్టువాడు తుపాకిని చెఱచుకొనును. మూడింటి నడిమిస్థానమును గుర్తించిన పిదపనే దిద్దుబాటు. గుండు ఎటు పోవలయునో వెనుక గాడిని అటు జరుపవలెను. ముందు బొడిపెనైనచో దానికి ఎదురుగా జరుపవలెను. గుండు క్రిందబడుచున్నచో బొడిపెను అఱగదీయవలెను. పై తుపాకి 50 గజములలో 6 అంగుళములు క్రింద కొట్టినచో, 30ని 6తో హెచ్చించి 1800తో భాగింప అంగుళములో పదియవ వంతు వచ్చును. అంతయు ఒక్కసారి తీయక సగము తీసి మరల కాల్చి చూడవలెను. అఱగిన లోహము తిరిగి రాదు. అందుచేతనే క్రొత్త బొడిపె కొంత ఎత్తుగా నుండుట మంచిది.

పరీక్షకు ఎత్తైన మట్టికట్ట వెనుకనుండు తావును, కట్టకు ఆవల జనసంచారము లేదని తెలిసిన తావును ఎంచుకొని, ముందుగా పోలీసు ఠాణావారి సమ్మతి పొందవలెను. సిద్దిపేట చుట్టును నల్లరాతి బండలు మెండు. బండను తాకిన సీసపుగుండు ఎటు తిరుగునో చెప్పరాదు. చెఱువునీటిపై వాలుగా తగిలిన గుండు సైతము ఎగిరి ఆవలిగట్టు చేరును. మంచెపైనుండి క్రిందికి కాల్చుటలో గుండు నేలలో దిగుననెడి లాభము కలదు. మక్కచేనిలో కదలినదెల్ల పంది కాదు. దూడ కావచ్చును, నీరుపెట్టవచ్చిన పాలివాడు కావచ్చును. జంతువు పూర్తిగా కనబడక, దాని వెనుక మట్టి కనబడక మీటపై వ్రేలు పెట్టరాదు. మీట నొక్కిన పిదప టోపీ ప్రేలి మందు అంటుకొనుటకు కొంత జాగు పట్టును. గుండు వెడలువఱకు గురిని కదల్పక నిలుపవలెను. టోపీ ప్రేలియు మందు అంటుకొననిచో, మూతిని సురక్షితమైన దిక్కునకే త్రిప్పి ఒక నిముసమునకు తక్కువగాక ఆగవలెను.

చట్టపు మాట. 1959 ఆయుధచట్టము 13వ సెక్షను పంటరక్షణకై బర్మారునకు లైసెన్సు నిచ్చుటను ప్రత్యేకముగా పేర్కొన్నది. అది చాలదని అధికారి తలచినచో మఱియొక నున్నగొట్టపు తుపాకికి ఈయవచ్చును. గొట్టమును లైసెన్సులేక కురుచచేయుట 6వ సెక్షను క్రింద నిషిద్ధము. గురి బిగించుట, దిద్దుట లైసెన్సుగల తుపాకిపనివానిచేతనే చేయింపవలెను. తుపాకి లైసెన్సున్నంత మాత్రమున పందిని కాల్చు హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టమునకు 2022లో జరిగిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి అడవిపందిని రెండవ షెడ్యూలులో చేర్చినది. పైరును పాడుచేయు పందిని కాల్చుటకు 11వ సెక్షను క్రింద అధికారి వ్రాతమూలమైన అనుమతి కావలెను. నెమలియు కృష్ణజింకయు మొదటి షెడ్యూలులోనివి. అవి చేనిలో పడినను తుపాకి ఎత్తరాదు. చేనిచుట్టు కరెంటుతీగె కట్టుట ఇంతకన్న ఘోరము. పందికై కట్టిన తీగెకు కట్టినవాడే తెల్లవాఱుజామున బలియైన ఉదంతములు తెలంగాణమున పెక్కులు కలవు.

కాల్చిన దినముననే గొట్టమును నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టింపవలెను. మందుమసి తేమను పీల్చి గాడి అంచులను తుప్పుపట్టించును. బొడిపెకు చిన్న తోలుతొడుగు కుట్టించినచో బండిలోను గోడమూలను తగిలి వంగదు. వానకాలపు పైరు కంకివేయుటకు ముందే, కడచిన యేడు బొడిపె క్రింద గీచిన గీతతో దాని నిలుకడను పోల్చి చూడవలెను. గీత తప్పినచో మూడు గుండ్ల పరీక్ష మరల చేయవలెను.