తాళం విప్పిన తెలుగు అక్షరం

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని సిర్గాపూర్ కన్నడ, మరాఠీ మాటలు కూడా వినిపించే సరిహద్దు సీమలో ఉంది. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోదే. ఇవాళ సిర్గాపూర్‌లో ఎవరైనా ఫోన్‌లో తెలుగు దరఖాస్తు రాసి పంపితే, హైదరాబాదులో తెరిచినా అవే అక్షరాలు కనిపిస్తాయి. పాతికేళ్ల కిందట ఆ భరోసా లేదు.

1990లలో డీటీపీ సెంటర్లలో తెలుగు టైపు జోరుగానే సాగేది. కాకపోతే ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో సంకేత పద్ధతి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తులే. తరువాత వచ్చిన పత్రికల వెబ్‌సైట్లదీ ఇదే తీరు. తన భాషలో తాను రాసుకున్నది మళ్లీ చదువుకోవడానికి తెలుగువాడు ఎవరో అమ్మే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడవలసి వచ్చింది.

అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. దాన్ని జనం చేతికి అందించింది మాత్రం కొందరు ఔత్సాహికులు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి స్వేచ్ఛగా పంచారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, ‘పద్మ’ అనే ఉపకరణం కూడా రాశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని చేర్చుకుంటే పత్రికల సొంత ఫాంట్ల తెలుగు యూనికోడ్‌లోకి మారిపోయేది. ఆ పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే! కోడ్ అందరికీ అందుబాటులో ఉండటంతో కొత్త ఫాంటు వస్తే దాని అక్షరపట్టికను జతచేసే వీలుండేది.

హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ సంస్థ విద్యార్థులను కూడగట్టి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు మాటలు నేర్పింది.

ఇదంతా భాషాభిమానుల ముచ్చట మాత్రమే కాదు. ఎవరో అమ్మే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం పెద్ద సంస్థలకూ చిక్కే. 2025 జూలైలో ఐరోపా ఆంక్షల నేపథ్యంలో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు హఠాత్తుగా ఆగిపోయాయి. గుజరాత్‌లో భారీ చమురుశుద్ధి కర్మాగారం నడిపే ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. తరువాత సేవలు తిరిగి అందాయి. డబ్బు కట్టిన సేవ అయినా, దాన్ని ఆపే మీట మరెవరి చేతిలోనో ఉందని దేశానికి తెలిసివచ్చింది.

కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్, వాడకంపై విధానం ప్రకటించింది. దాని ప్రకారం ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలి, దాన్ని పక్కనపెడితే సరఫరాదారులు కారణం చెప్పాలి. ఇకమీదట ఆ కారణాలను శాఖలు ప్రజల ముందు కూడా పెట్టాలని నా మనవి. పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగు పుస్తకాలూ దస్త్రాలూ ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనికి ప్రభుత్వమే నిధులివ్వాలి, అందుకు రాసే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచాలి.