నిద్ర పట్టని వారికి తోడుగా

పగటిని శ్రమకూ, రాత్రిని విశ్రాంతికీ నియమించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా, సోదరీమణులారా! ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం కొందరికి చిన్నదిగా తోచవచ్చు. ఇంటిల్లిపాదీ నిద్రపోతుండగా ఒక్కరు మాత్రం కళ్ళు తెరుచుకుని పైకప్పు వంక చూస్తూ పడి ఉంటారు. ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు కాదు, నెలల తరబడి. వారు మీ తల్లి కావచ్చు, భర్త కావచ్చు, కోడలు కావచ్చు. వారి పట్ల మన బాధ్యత ఏమిటన్నదే ఈనాటి అంశం.

ముందుగా నా తప్పును మీ ముందు ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం మా అత్తగారు మరణించారు. ఆ తరువాత నా సహధర్మచారిణికి నిద్ర కరవైంది. ఆమె నాతో చెప్పుకున్నప్పుడు నేను, "జిక్ర్ తగ్గినట్లుంది, ఇంకాస్త పెంచు. అల్లాహ్‌పై భారం వేసినవారికి నిద్ర ఎందుకు పట్టదు?" అన్నాను. ఆ మాటతో నా బాధ్యత తీరిందనుకున్నాను. తరువాత ఆమె ఆ ఊసే ఎత్తలేదు. నయమైందని భావించాను. ఒక రాత్రి తహజ్జుద్ వేళకంటే చాలా ముందే మెలకువ వచ్చి చూస్తే, ఆమె వంటింట్లో దీపం వేయకుండా నేలమీద కూర్చుని ఉంది. అడిగితే ఇలా చెప్పింది: "రోజూ మీరు లేచే వేళకు వచ్చి కళ్ళు మూసుకుని పడుకుంటున్నానండీ. ఇంకా నిద్ర పట్టడం లేదంటే నా ఈమాన్‌లోనే లోపం ఉందని మీరు అనుకుంటారని."

సోదరులారా! నా మాట ఆమెకు నిద్రనివ్వలేదు. ఉన్న బాధకు అపరాధ భావాన్ని జోడించింది. ఆ రాత్రి నాకు మదరసాలో చదివిన ఒక హదీసు గుర్తుకొచ్చింది. ఎన్నోసార్లు బోధించాను కూడా, కానీ దానిని నా ఇంటికి అన్వయించుకోలేదు.

హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మదీనాకు వచ్చిన తొలి రోజుల్లో ఒక రాత్రి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గారికి నిద్ర పట్టలేదు. తన సహచరుల్లో సజ్జనుడెవరైనా ఈ రాత్రి తనకు కాపలాగా ఉంటే బాగుండునని వారు అభిలషించారు. అంతలో బయట ఆయుధాల చప్పుడు వినిపించింది. వచ్చినది హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజియల్లాహు అన్హు). ప్రవక్తవారిని గురించి తన మనసులో ఏదో భయం కలిగిందనీ, అందుకే కాపలా కాయడానికి వచ్చాననీ ఆయన విన్నవించుకున్నారు. ప్రవక్తవారు ఆయన కొరకు దుఆ చేసి, నిద్రకు ఉపక్రమించారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి: మానవుల్లో అందరికంటే దృఢవిశ్వాసం గల మహనీయునికే ఒక రాత్రి నిద్ర దూరమైంది. కనుక నిద్ర పట్టకపోవడాన్ని ఎవరి విశ్వాసానికీ కొలమానం చేయరాదు. రెండు: సఅద్ (రజియల్లాహు అన్హు) ఉపదేశం చేయలేదు, కారణాలు ఆరా తీయలేదు. వచ్చి తోడుగా నిలిచారు. నిద్ర ఆ తోడు వెంటే వచ్చింది.

సోదరులారా! మన ఇళ్ళలో మనం సఅద్ (రజియల్లాహు అన్హు) వలె ఎలా నిలవగలం?

మొదటిది, నాలుకను అదుపులో ఉంచుకోవడం. "నిన్న పట్టిందా?" అని ప్రతి ఉదయం ప్రశ్నించడం ప్రేమతోనే కావచ్చు. కానీ అది నిద్రను ఒక పరీక్షగా మారుస్తుంది. రాత్రి పడక చేరగానే, రేపు ఏమని బదులివ్వాలన్న బెంగ మొదలవుతుంది. నిద్ర విచిత్రమైన అనుగ్రహం. వెంటబడితే పారిపోతుంది. అలాగే, ఆధారం లేకుండా జిన్నాతు సోకిందనీ, ఎవరో చేతబడి చేశారనీ ప్రచారం చేసి బాధితుల్ని మరింత భయపెట్టకండి. జిక్ర్ తప్పక చేయండి. అయితే జిక్ర్ నిద్రమాత్ర కాదు. అది ఆరాధన. నిద్ర పట్టినా, పట్టకున్నా దాని పుణ్యం అల్లాహ్ వద్ద భద్రంగానే ఉంటుంది. ఈ మాట వారికి మెత్తగా చెప్పండి.

రెండవది, ఇంటి తీరును మార్చుకోవడం. ఇషాకు ముందు నిద్రించడాన్నీ, ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్నీ ప్రవక్తవారు ఇష్టపడేవారు కాదు. మరి మన ఇళ్ళలో భోజనాలే పదిన్నరకు! ఆ తరువాత ప్రతి చేతిలోనూ ఒక ఫోను. రోగి ఒక్కరినే పెందలాడే పడుకోమని, మిగతావారు టీవీ ముందు కూర్చుంటే అది సహాయం కాదు. ప్రవక్తవారు రాత్రివేళ వచ్చినప్పుడు, మేలుకున్నవారికి వినిపించేలా, నిద్రిస్తున్నవారు లేవకుండా ఉండేలా సలాం చేసేవారని హజ్రత్ మిఖ్దాద్ (రజియల్లాహు అన్హు) తెలిపారు. అర్ధరాత్రి గేటు ముందు హారన్ మోగించే యువకులారా, ఈ సున్నత్‌ను గుర్తుంచుకోండి.

టీ సంగతి కూడా చెప్పాలి. అందులోని కెఫీన్‌లో సగం వరకు ఐదారు గంటల తరువాతా ఒంట్లోనే మిగిలి ఉంటుంది. కనుక అసర్ తరువాత వారికి టీ ఇవ్వకండి. వారి ఎదుట మీరూ తాగకండి. పడక చేరి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే, గడియారం చూడకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని, మళ్ళీ కునుకు వచ్చినప్పుడే పడక చేరమని వైద్యులు సూచిస్తారు. ఆ వేళ వుజూ చేసి రెండు రకాతులు చదువుకుంటే మేలే. కానీ వారిపై దానిని భారంగా మోపకండి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలన్నది వారి మరో సూచన. ఫజ్ర్ నమాజు ఉన్న ఇంటికి ఇది కష్టం కాకూడదు. ఫజ్ర్ చదివి మళ్ళీ పొద్దెక్కేదాకా పడుకోవడమే ఆ మేలును చెడగొడుతుంది.

మూడవది, వైద్యుని వద్దకు వెంట వెళ్ళడం. వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అలా మూడు నెలలు దాటితే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దాని వెనుక థైరాయిడ్ ఉండవచ్చు, నొప్పి ఉండవచ్చు, దుఃఖం ఉండవచ్చు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతున్నట్లుంటే అది రోగికి తెలియదు, పక్కన ఉన్న మీకే తెలుస్తుంది. వైద్యునితో మీరే చెప్పాలి. మాత్రలకంటే ముందుగా, పడక అలవాట్లనూ ఆలోచనల తీరునూ కొన్ని వారాలపాటు సరిదిద్దే చికిత్సను వైద్య నిపుణులు సిఫారసు చేస్తున్నారు. పొరుగింట్లో మిగిలిన నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వకండి. వృద్ధులు ఆ మత్తులో తూలి పడతారు. వైద్యుడు రాసిన మందును మీ అంతట మీరు హఠాత్తుగా మాన్పించనూ వద్దు. చికిత్స చేయించుకోమని ప్రవక్తవారే ఆదేశించారు. కనుక అది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఇక బతకాలని లేదన్న మాట వారి నోట వస్తే దానిని తేలికగా తీసుకోకండి, వారిని ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్య సహాయం పొందండి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

సోదరులారా! మా ఇంట్లో మార్పు ఒక్క రోజులో రాలేదు. ఆ రాత్రి నేను ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను. బోధించలేదు. ఆమె తన తల్లిని గురించి చెబుతుంటే విన్నాను. మరుసటి వారం వైద్యుని వద్దకు ఇద్దరం కలిసి వెళ్ళాం. వేకువ పనులు కొన్ని నేను చేపట్టాను. నెలలు పట్టింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆమెకు నిద్ర రాదు. కానీ ఆమె చీకట్లో దాక్కోవడం లేదు. నన్ను లేపుతుంది.

కునుకుగానీ నిద్రగానీ దరిచేరని వాడు అల్లాహ్ ఒక్కడే. మనం బలహీన దాసులం, నిద్ర అవసరమైనవాళ్ళం, ఒకరికొకరు అవసరమైనవాళ్ళం. ఈ రాత్రి ఇషా తరువాత ఫోను పక్కన పెట్టి, మీ ఇంట్లో మేలుకొని ఉన్నదెవరో ఒకసారి చూడండి.

ఓ అల్లాహ్! నిద్రకు నోచుకోని నీ దాసులకు ప్రశాంతమైన నిద్రను ప్రసాదించు. రోగులకు స్వస్థతనివ్వు. తెలియక మా నాలుకలతో మావారిని గాయపరిచిన మమ్మల్ని క్షమించు. వారికి తోడుగా నిలిచే ఓర్పును మాకు అనుగ్రహించు. ఆమీన్.